రాత్రికి ఖాళీగా ఉండాల్సిన చోటు

ఫిబ్రవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

నా చేతిరాత గుర్తుపట్టావా? రాయక రాయక ఇలా తయారైంది. ఫోన్ చెయ్యకుండా, మెయిల్ ఇవ్వకుండా ఈ కాగితాలేమిటని కంగారుపడకు. పడాల్సిందే గానీ, మొత్తం చదివాక ఒకేసారి పడు.

మన వర్క్‌షాపు కంప్యూటర్లకి దొంగలు తాళం వేసేశారు. వస్తువు ఒక్కటీ కదల్లేదు, తలుపు గడియ కూడా ఊడలేదు. పొద్దున్నే డిజైన్ చేసే అమ్మాయి కంప్యూటర్ పెట్టగానే తెర నిండా ఎర్ర అక్షరాలు. పళ్ల డాక్టర్లు పంపిన నోటి స్కాన్లు, మనం గీసిన పళ్ల సెట్ల డిజైన్లు, ఎవరికి ఏ రంగు పన్ను, ఎవరి దవడ ఎంత వెడల్పు, ఏదీ తెరుచుకోవట్లేదు. అడిగినంత ఇస్తే తాళం తీస్తారట. ఇవ్వకపోతే, ఈ ఊళ్లో ఎవరెవరివి కట్టుడు పళ్లో ఆ పేర్లన్నీ బయటపెడతారట. నవ్వకు. చదవగానే నాకూ నవ్వొచ్చింది, ఆ తర్వాత మన పేషెంట్ల మొహాలు గుర్తొచ్చాయి.

అందులో నన్ను ఏమని పిలిచారో తెలుసా? "మేనేజరమ్మా" అని. అలా పిలిచేది ఈ లోకంలో నువ్వొక్కడివే. నెలల తరబడి మన మెయిల్లో కూర్చుని మన కబుర్లన్నీ చదివారన్నమాట. నాన్న మోకాలి నొప్పి గురించి నీకు రాసినవి కూడా. నువ్వు మెయిల్లో పంపిన సైబర్ ఇన్సూరెన్స్ పాలసీ కాపీ కూడా చూసే ఉంటారు, ఎందుకంటే పాలసీ ఎంతకుందో సరిగ్గా అంతే అడిగారు. ఇక మెయిల్లో ఒక్క అక్షరం కూడా రాయను. ఫోన్లో చెబుదామంటే, ఇల్లంటే షాపు మీద రెండు గదులే కదా, నేను గొంతు తగ్గించగానే నాన్న చెవులు రిక్కిస్తారు.

ఆయనకి సగం విషయమే తెలుసు. దొంగలు పడ్డారనగానే నేరుగా తన గోడ దగ్గరికి వెళ్లారు. ఒక్కో మేకుకీ తగిలించిన కత్తులు, పట్టకార్లు, మైనం చెంచాలు అన్నీ గోడ మీద నల్లరంగుతో గీసిన వాటి వాటి బొమ్మల్లో ఉన్నాయో లేవో చూసుకుని, "ఏమీ పోలేదే" అన్నారు.

ఇంతకాలం నిన్ను ప్రమాదాల వ్యాపారి అని ఏడిపించాం. అన్నం ముందు కూర్చుని అగ్ని ప్రమాదాలు, దొంగతనాలు తప్ప ఇంకో మాట మాట్లాడవని. ఇవాళ నీ పాలసీ తప్ప నాకు దిక్కు లేదు. ఏం చెయ్యాలో వెంటనే రాయి. పాలసీలో ఉన్న నంబరుకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. షాపులో ఆరుగురు పనివాళ్లు నా మొహం చూస్తూ కూర్చున్నారు.

నీ అక్క

*

ఫిబ్రవరి 11

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా ఆఫీసులో ఇలాంటి కేసులు చాలా చూశాను, అందరికీ ధైర్యం చెప్పాను. మన షాపు అనేసరికి కుర్చీలోంచి లేచి మళ్లీ అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడు నువ్వు తమ్ముడి మాట కాదు, ఏజెంటు మాట విను. ఆ దొంగలకి సమాధానం ఇవ్వకు, తిట్టాలనిపించినా సరే. దేన్నీ తుడిచెయ్యొద్దు, కంప్యూటర్లు ఎలా ఉన్నాయో అలాగే ఉండనీ. కంపెనీకి ఆరోజే చెప్పి మంచి పని చేశావు, ఆలస్యమైతే దాన్నే పట్టుకుని వేలాడేవాళ్లు. వాళ్లు ఒక సర్వేయర్ని పంపుతారు. అంటే ఏం జరిగిందో, ఎలా జరిగిందో చూసి రాసేవాడు. ఆయన రాసిందే వేదం. ఏదడిగినా ఉన్నదున్నట్టు చెప్పు. మరమ్మతు ఖర్చు, షాపు మూతపడిన రోజుల నష్టం, పేషెంట్లకి కబురు చెప్పే ఖర్చు, అన్నీ పాలసీలోకి వస్తాయి.

అసలు నువ్వింతగా బెంబేలెత్తడం ఎందుకు? బ్యాకప్ డిస్క్ ఉందిగా! రోజూ సాయంత్రం కంప్యూటర్‌కి దాన్ని తగిలించి, కాపీ అయ్యాక పీకి డ్రాయర్లో పెట్టమని పాలసీ తీసుకున్న రోజు నీకు చెప్పాను గుర్తుందా? ఈ దొంగలు తీగ వెంబడే వస్తారు, తీగ లేని చోటికి రాలేరు. డ్రాయర్లో డిస్క్ భద్రంగా ఉంటే సగం యుద్ధం గెలిచినట్టే. వారం తిరక్కుండా మళ్లీ పళ్లు నూరుతూ కూర్చుంటావు.

నాన్నకి వివరాలు చెప్పి బుర్ర పాడుచెయ్యకు. కంప్యూటర్ల గొడవ ఆయనకెందుకు?

నీ ప్రమాదాల వ్యాపారి

*

ఫిబ్రవరి 16

తమ్ముడూ,

డిస్క్ కూడా పోయింది.

డ్రాయర్లోంచి కాదు. ఆరోజు పొద్దున అది కంప్యూటర్‌కి తగిలించే ఉంది. కంప్యూటర్లతో పాటు దాన్నీ తాళం వేసేశారు. మొదటి ఉత్తరంలో నీకెందుకు రాయలేదంటే, అది బాగుచేసేవాడి దగ్గరుంది, తెరుచుకుంటుందేమోనన్న ఆశ. తెరుచుకోదని నిన్న చెప్పేశాడు.

సర్వేయర్ వచ్చి వెళ్లాడు. సన్నగా, మర్యాదగా, టీ ఇస్తే చల్లారేదాకా ముట్టుకోని రకం. కంప్యూటర్లో ఏదో చూసి, "మేడం, ఈ డిస్క్ రోజూ రాత్రంతా తగిలించే ఉంటోంది. నెలలుగా అంతే. రోజూ తీసేస్తామని మీరు పాలసీ ఫారంలో రాశారు కదా?" అన్నాడు. రోజూ నేనే తీస్తానండీ, నా చేత్తో డ్రాయర్లో పెడతానండీ అన్నాను. ఆయన తల ఊపి రాసుకున్నాడు. ఏం రాశాడో వంగి చూశాను. "యజమానురాలు అలా అంటున్నారు" అని.

ఫారంలో జవాబు తప్పని తేలితే పాలసీ చెల్లదట. ఒక్క పైసా రాదట. ఇదంతా ఆయన ఎంత నెమ్మదిగా చెప్పాడంటే, నిద్రపోయే పిల్లల పక్కన మాట్లాడినట్టు చెప్పాడు.

నువ్వే చెప్పు. ఆ ఫారం నింపింది నువ్వు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను, చదవలేదు, నా తమ్ముడే కదా అని. అందులో నేను చెప్పనిది ఏమైనా రాశావా? ఆ పాలసీని మెయిల్లో పంపకుండా ఉంటే ఆ వెధవలకి మన లెక్క తెలిసేదా? నిన్ను తప్పు పట్టాలని కాదు. కానీ ఎవరో ఒకరి తప్పు ఉండి తీరాలి కదా.

అక్క

*

ఫిబ్రవరి 20

అక్కా,

ఎవరో ఒకరి తప్పు ఉండాలని నన్ను ఎంచుకున్నావన్నమాట. బాగుంది.

ఫారంలో నువ్వు చెప్పిందే రాశాను. "రోజూ తీస్తావా?" అని నేను అడిగితే, "తీస్తాలేరా బాబూ, సతాయించకు" అన్నావు. ఆ మాట నాకింకా చెవిలో ఉంది. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోప్పడకుండా చెప్పు. ఎప్పుడో ఒకసారి మర్చిపోయి ఉంటావు, తర్వాత బద్ధకించి ఉంటావు. మనుషులం కదా. కానీ కంప్యూటర్ రాసుకున్నది చెరపలేం. రోజూ తీశానని సర్వేయర్ ముందు గట్టిగా అన్నావు చూడు, దాంతో నువ్వు అబద్ధం ఆడినట్టు లెక్క అయింది. మర్చిపోయానంటే ఏదైనా దారి వెతికేవాణ్ణి.

నన్ను మా కంపెనీ వాళ్లు పిలిచారు. సొంత అక్క పాలసీలో తప్పుడు జవాబు ఎలా వచ్చిందని అడిగారు. ఇన్నేళ్లలో నా మీద ఒక్క మాట పడలేదు. తలెత్తకుండా నిలబడి వచ్చాను. నా ఏజెంటు లైసెన్సు ఉంటుందో ఊడుతుందో వచ్చే నెలాఖరులోగా చెబుతారట.

నిజం చెప్పక్కా. నాకైనా చెప్పు.

తమ్ముడు

*

ఫిబ్రవరి 25

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చింపేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని అతికించి మళ్లీ చదివాను. "నిజం చెప్పక్కా" దగ్గర అతుకు పడింది.

ఇక్కడ మన బతుకు బజార్న పడింది. ఆ దొంగలు మాట మీద నిలబడే రకం. పేషెంట్లకి విడివిడిగా మెసేజీలు పంపడం మొదలుపెట్టారు, మీ పళ్ల సంగతి మీ వీధిలో చెప్పమంటారా అని. నిన్న ఒక టీచరమ్మ వచ్చింది. ముందు రెండు పళ్లూ పెట్టుడువని ఇంట్లో మొగుడికి కూడా తెలియదట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను చేసిన పళ్లే అవి. ఆవిడ నోరు మూసుకుని ఏడుస్తుంటే నా చేతులు నేనే నరుక్కోవాలనిపించింది. మనకి సగం పని ఇచ్చే పెద్ద డాక్టరుగారు పని ఆపేశారు. "మీ మీద కోపం లేదమ్మా, మా పేషెంట్లు ఒప్పుకోవట్లేదు" అన్నారు. కోపం ఉన్నా బాగుండేది, బతిమాలుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు.

నేను తీసి పెట్టిన డిస్క్ దానంతటది వెళ్లి తగులుకోదు కదా. డిజైన్ అమ్మాయి మీద అనుమానపడ్డాను. ఎర్ర అక్షరాలు చూసి అందరికంటే ముందు ఏడ్చింది ఆ పిల్లే, అదీ అనుమానానికి కారణమే అయింది నాకు, చూడు నా బుద్ధి. కొత్త డిస్క్ ఒకటి కొని, ఎప్పట్లాగే సాయంత్రం తీసి డ్రాయర్లో పెట్టి, ఇంటికి వెళుతున్నట్టు పైకి మెట్లెక్కి, వెనక తలుపు నుంచి మళ్లీ దిగాను. ఇంత వయసొచ్చి సొంత షాపులో ప్లాస్టర్ బస్తాల వెనక దాక్కున్నాను.

ఆ అమ్మాయి సంచీ తీసుకుని వెళ్లిపోయింది. పనివాళ్లందరూ వెళ్లారు. చివరికి మిగిలింది నాన్న. ఎప్పట్లాగే షాపు మూయడానికి.

బల్లల మీద ఉన్న కత్తులన్నీ ఏరారు. ఒక్కోదాన్నీ తుండుతో తుడిచి గోడ మీద దాని బొమ్మలో తగిలించారు. స్పిరిట్ దీపం మూత పెట్టారు. కుర్చీలు లోపలికి తోశారు. తర్వాత కంప్యూటర్ బల్ల దగ్గరికి వచ్చారు. వేలాడుతున్న తీగ చూసి "చ్చొచ్చొచ్చొ" అన్నారు, మన చిన్నప్పుడు మనం వస్తువులు పారేస్తే అనేవారే, అలాగే. డ్రాయర్ తెరిచారు. డిస్క్ తీసి దాన్నీ తుడిచారు. తీగకి తగిలించారు. దాని చిన్న నీలం దీపం వెలిగేదాకా వంగుని చూశారు. వెలిగింది. తృప్తిగా తల ఊపి, లైటు ఆర్పి, తాళం వేసుకుని వెళ్లిపోయారు.

నేను బస్తాల వెనక అలాగే ఉండిపోయాను. చీకట్లో ఆ నీలం దీపం ఒక్కటే కనిపిస్తోంది.

పొద్దున నేను దిగేసరికి రోజూ డిస్క్ తగిలించే ఉండేది. ముందొచ్చే ఆ అమ్మాయి తగిలించిందనుకునేదాన్ని. ఆ అమ్మాయేమో నేను సాయంత్రం తియ్యనేలేదనుకుని, యజమానురాల్ని అడగడమెందుకని ఊరుకుందట. ఇవాళ అడిగితే చెప్పింది.

నేను అబద్ధం చెప్పలేదురా.

అక్క

*

మార్చి 1

అక్కా,

ముందు నన్ను చెప్పు తీసుకుని కొట్టు. తర్వాత ఈ ఉత్తరం చదువు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని బస్సులో రెండుసార్లు దిగాల్సిన చోటు దాటిపోయాను. ఆఫీసుకి వెళ్లగానే పాలసీ మొత్తం అక్షరం అక్షరం చదివాను. ఉందక్కా! దారి ఉంది. యజమాని సరైన ఏర్పాటు చేసి, దాన్ని పనివాళ్లో ఇంట్లోవాళ్లో తెలియక తప్పించి ఉంటే, జవాబు తప్పైనట్టు కాదు. క్లెయిమ్ పోదు. మా ఆఫీసు పెద్దాయన్ని అడిగాను, ఆయన కూడా అవునన్నాడు. షాపు నిలబడుతుంది, నా లైసెన్సూ నిలబడుతుంది.

కావాల్సింది ఒక్కటే. డిస్క్ తగిలించినవాళ్లే స్వయంగా వాంగ్మూలం రాసి సంతకం పెట్టాలి, సర్వేయర్ అడిగితే నోటితో కూడా చెప్పాలి. అంటే నాన్న. ఈ నెల ఇరవై లోపల ఇవ్వాలి, ఆ తర్వాత ఫైలు మూసేస్తారు.

ఆయన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పు. ఒక్క కాగితం, ఒక్క సంతకం.

నీ తమ్ముడు

*

మార్చి 5

తమ్ముడూ,

నేను చెప్పను.

ఒక్క కాగితమని ఎంత తేలిగ్గా రాశావు! ఆ కాగితంలో ఏముంటుందో ఆలోచించావా? ఈ షాపుని ముంచింది నేనే అని ఆయన తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. నలభై ఏళ్లు ఒక్కో పన్నూ చెక్కి నిలబెట్టిన మనిషి.

నీకు గుర్తుందా, చిన్నప్పుడు పెన్సిల్ చెక్కుకోడానికి ఆ చిన్న కత్తి ఎత్తుకెళ్లావు. గోడ మీద దాని బొమ్మ ఖాళీగా ఉందని, అది దొరికేదాకా ఒక్కణ్ణీ ఇంటికి పంపలేదు. నిన్ను కొట్టలేదు కూడా. కత్తి తెచ్చి తగిలించాక, "ఇప్పుడు నిద్ర పడుతుంది" అన్నారు. అదీ ఆయన నియమం. రాత్రికి ఏ వస్తువూ తన చోటు వదిలి ఉండకూడదు. డిస్క్ చోటు ఆ తీగ చివర అనుకున్నారు. దీపం వెలిగితే బాగున్నట్టనుకున్నారు.

చేతులు వణకడం మొదలయ్యాక చెక్కడం మానేశారు. కంప్యూటర్లు వచ్చాక డాక్టర్లు ఆయనతో మాట్లాడ్డం మానేశారు. పొద్దున దిగి వచ్చి అందరి పనీ చూసి, ఎవరికీ అడ్డం కాకుండా పక్కన కూర్చుంటారు. ఆ సాయంత్రం కోసమే. షాపు మూయడమొక్కటే ఆయనకి మిగిలిన పని. దాన్ని కూడా ఆయన చేతిలోంచి లాక్కుని, పైగా అందులో విషం కలిపి ఇమ్మంటావా?

నేను ఆలోచించుకున్నాను. డిస్క్ తియ్యడం నేనే మర్చిపోయేదాన్నని, సర్వేయర్‌కి అబద్ధం చెప్పానని రాసి ఇచ్చేస్తాను. క్లెయిమ్ పోతుంది. మెషీన్లు అమ్మేస్తాను. నీ లైసెన్సు సంగతి నాకు తెలుసు, అది తల్చుకుంటే అన్నం సహించట్లేదు. నువ్వు ఇంకో పని చూసుకోగలవు. ఆయన ఇంకో నాన్న కాలేరు.

ఇది రాస్తుంటే కింద ఆయన ఈల వేస్తున్నారు. కుర్చీలు సర్దుతున్నారు. పని లేక ఎవరూ కూర్చోని కుర్చీలు.

అక్క

*

మార్చి 9

అక్కా,

నువ్వు నన్ను తిట్టబోయే ముందే చెబుతున్నాను. నాన్నకి నేనే ఉత్తరం రాశాను. దీంతో పాటే పోస్టు చేశాను.

నా లైసెన్సు కోసమే రాశానని నువ్వు అనుకుంటావు. అందుకోసం కూడా రాశాను, లేదనను. నాకు భయంగా ఉంది. కానీ అదొక్కటే కాదు. ఆ ఆరుగురు పనివాళ్లు ఎక్కడికి పోతారు? ఆ టీచరమ్మకి ఎవరు సమాధానం చెబుతారు? నువ్వు ఆడని అబద్ధాన్ని ఆడానని రాసి, జీవితాంతం అబద్ధాలకోరుగా ఎలా బతుకుతావు? షాపు మూతపడితే ఆయన రోజూ సాయంత్రం దేన్ని మూస్తారు, చెప్పు.

ఇంకో మాట. మనం ఆయన్ని కాపాడుతున్నామంటూ పసిపిల్లాణ్ణి చేసేశాం. ఆయనకెందుకు అని మొదట అన్నది నేనే.

ఉత్తరంలో ఎక్కడా కఠినంగా రాయలేదు. నాలుగుసార్లు చింపి రాశాను. ఆయన చదివేటప్పుడు నువ్వు పక్కనే ఉండు.

తమ్ముడు

*

మార్చి 18

అక్కా,

నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మెయిల్ వద్దన్నావని ఊరుకున్నాను, ఫోన్ చేస్తే ఎత్తవు. షాపు ఫోన్‌కి చేస్తే ఆ డిజైన్ అమ్మాయి తీసి, "పెద్దాయన ఇవాళ కూడా కిందికి దిగలేదండీ" అని పెట్టేసింది. అంటే ఏమిటి? ఎన్నాళ్లుగా దిగట్లేదు? తిన్నారా? ఆయన్ని నేనేం చేశాను?

ఇది అందగానే ఫోన్ చెయ్యి. తిట్టడానికైనా చెయ్యి. ఎల్లుండి మధ్యాహ్నం వరకూ చూసి బయల్దేరతాను.

*

మార్చి 20

తమ్ముడూ,

నీ చివరి ఉత్తరం ఇవాళే అందింది. నువ్వు దారిలో ఉంటావేమో. ఉంటే ఇది నీ చేతికే ఇస్తాను, నా ఎదురుగా చదవకు. నోటితో ఇదంతా చెప్పడం నా వల్ల కాదు.

ఆ ఉత్తరం నా కంటే ముందు ఆయన చేతికే అందింది. కవరు మీద తన పేరు చూసుకుని ఎంత మురిసిపోయారో. "వాడు నాకు విడిగా ఉత్తరం రాశాడే!" అని పనివాళ్లందరికీ చూపించారు. కిటికీ దగ్గర నిలబడి చదివారు. మళ్లీ మొదట్నుంచి చదివారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, నా వైపు చూడకుండా అడిగారు.

"అయితే వాళ్లకి తలుపు తీసింది నేనేనా అమ్మాయ్?"

కాదు నాన్నా అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. పైకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం షాపు మూయడానికి దిగలేదు. మర్నాడూ దిగలేదు. అన్నం పెడితే కాస్త తినేవారు, పలకరిస్తే బదులిచ్చేవారు, అంతే. కింద కత్తులన్నీ ఎక్కడివక్కడ బల్లల మీదే పడున్నాయి. ఎవరికీ వాటిని తగిలించే ధైర్యం లేదు. నేను ఒకసారి కత్తి పట్టుకుని గోడ దాకా వెళ్లి, మళ్లీ బల్ల మీదే పెట్టేశాను. ఆ రోజుల్లో నీ మీద నాకెంత కోపమొచ్చిందో రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. అందుకే ఫోన్ ఎత్తలేదు.

నిన్న సర్వేయర్‌ని ఆయనే పిలిపించమన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగారు. సర్వేయర్ కాగితం రాసి చదివి వినిపించాడు, "తెలియక చేశాను" అని. నాన్న ఒప్పుకోలేదు.

"తెలియక ఏమిటి బాబూ? రోజూ కావాలనే పెట్టాను. మర్చిపోయి కాదు. అది నా పని."

ఆ ఒక్క మాటతో క్లెయిమ్ కొట్టుకుపోతుంది. సర్వేయర్ కలం ఆపేశాడు. చల్లారిన టీ మొదటిసారి ఒక గుక్క తాగాడు. "పెద్దాయనా, అమ్మగారు దాన్ని తీసి డ్రాయర్లో ఎందుకు పెడుతున్నారో మీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలీదు. ఎవరూ చెప్పలేదు."

కోపంగా అనలేదురా. మామూలుగా, టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పారు. సర్వేయర్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "అదే రాయనా?" అన్నాడాయన. "అదే రాయండి. అది నిజం" అన్నారు నాన్న. చెయ్యి వణుకుతుంటే ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని సంతకం పెట్టారు.

ఆ కాగితంలో, డిస్క్ తానే తగిలించానని, దాన్ని ఎందుకు తీస్తారో ఎవరూ చెప్పలేదని ఒక్క వాక్యమే ఉంది, కింద ఆయన సంతకం. మన షాపుని కాపాడేది అదే. మనిద్దరి మొహాన కొట్టినట్టు ఉన్నదీ అదే. సంతకం పెట్టిన కాగితం చేతిలో ఉండగానే సర్వేయర్ కంపెనీకి ఫోన్ చేశాడు. క్లెయిమ్ ఒప్పుకుంటారన్నాడు. మరమ్మతు ఖర్చు, మూతపడిన రోజుల నష్టపరిహారం వస్తాయి. వెళ్లిపోయిన డాక్టర్లు రారు. ఆ టీచరమ్మ పరువు ఏ పాలసీలోనూ లేదు. స్కాన్లు మళ్లీ ఒక్కొక్కటిగా అడుక్కోవాలి. షాపు నిలబడుతుందో లేదో నాకింకా తెలీదు. ఒక్క రాత్రి కూడా సరిగ్గా నిద్రపోలేదు.

సర్వేయర్ వెళ్లాక నాన్న నల్లరంగు డబ్బా అడిగారు. గోడ మీద చిన్న కత్తి పక్కన డిస్క్ పెట్టి, దాని చుట్టూ గీత గీశారు. వంకరగా వచ్చింది. మేకు కొట్టలేదు. అడిగితే, "డిస్క్ నీతో పైకి వెళ్లాలి, దీని చోటు రాత్రికి ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉంటేనే సరిగ్గా ఉన్నట్టు. వాడు రాశాడుగా, దొంగలు తీగ వెంబడి వస్తారని" అన్నారు. నీ ఉత్తరం మడత ఆయన జేబులోనే ఉంది.

ఇవాళ సాయంత్రం ఆయన మళ్లీ షాపు మూశారు. కత్తులు తుడిచి తగిలించారు, కుర్చీలు సర్దారు. డిస్క్ ఏదన్నారు. నా సంచీలో ఉంది నాన్నా అన్నాను. చూపించమన్నారు. సంచీ తెరిచి చూపించాను. లైటు ఆర్పడానికి వెళ్లి, గోడ మీద ఆ ఖాళీ బొమ్మ చూసి ఆగిపోయారు. వెనక్కి వచ్చారు. సంచీ వైపు చెయ్యి చాచారు.

"చెయ్యి దానంతటదే వెళ్లిపోతోందే. ఏం చెయ్యను?" అన్నారు.

ఆ చెయ్యి పట్టుకున్నాను. అలాగే పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. తాళం ఆయనే వేశారు, రెండో చేత్తో.

నువ్వు వచ్చాక ఆయన ముందు కూర్చుని, ఉత్తరంలో రాసిందంతా మొదట్నుంచి నోటితో చెప్పు. ఒకసారి చాలదు. ఆయన ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పు. నేను రేపట్నుంచి మొదలుపెడుతున్నాను.

నీ మేనేజరమ్మ